రెండో చెయ్యి చూసి ఉంటే

పుంగనూరు దగ్గరి పల్లె నుంచి అంబులెన్సులో మదనపల్లెకు తెచ్చేసరికి లక్ష్మీపతికి మాట్లాడే ఓపిక కూడా లేదు. టమోటా తోటలో పట్టుకున్న జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. యాభై దాటిన మనిషి. షుగరు ఎప్పటినుంచో ఉంది. గుర్తొస్తే మాత్ర మింగేవాడు, లేకుంటే లేదు. ఆస్పత్రి ఐసీయూలో చేర్చి, మూతికి ఆక్సిజన్ మాస్కు బిగించి, దాన్ని పెరికెయ్యకుండా కొంచెం మత్తుమందు ఇచ్చారు. రక్తంలో చక్కెర బాగా పైకి పోయి ఉండడంతో చిన్న పంపు పెట్టి నరంలోకి ఇన్సులిన్ కూడా వదిలారు.

ఆయన వెంట వచ్చినవాళ్ళు ఇద్దరు. కొడుకు నవీన్, అక్క సుబ్బలక్ష్మమ్మ. సుబ్బలక్ష్మమ్మ చిన్నతనంలోనే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసింది. తల్లి లేని తమ్ముణ్ణి ఆమే పెంచింది. నవీన్‌కు ఊహ తెలియకముందే వాళ్ళమ్మ పోతే, వాణ్ణీ ఆమే పెంచింది. ఇప్పుడు ఐసీయూ అద్దం బయట బెంచీ మీద కూర్చుని, వచ్చే పోయే ప్రతి నర్సునూ అడిగేది, "మా లచ్చీపతి ఎట్లుండాడమ్మా?" అని.

విసుక్కోకుండా జవాబు చెప్పేది బీనా ఒక్కతే. బీనా ఆ ఐసీయూలో పగటిపూట ఇన్‌ఛార్జ్ సిస్టర్. పదిహేనేళ్ళ అనుభవం. కొత్తగా చేరిన నర్సులకు పని నేర్పేది కూడా ఆమే.

ఇన్సులిన్ పంపు మీద ఉన్న మనిషికి గంటగంటకూ వేలిని సూదితో పొడిచి, రక్తపు చుక్క తీసి, మిషన్‌లో అంకె చూడాలి. అంకెను బట్టి పంపు వేగం పెంచాలి, లేదా తగ్గించాలి. అంకె వరసగా కొన్నిసార్లు నిలకడగా ఉంటే, రెండు గంటలకోసారి చూస్తే చాలని నర్సే నిర్ణయించుకోవచ్చు. ప్రతిసారీ డాక్టరును అడగక్కర్లేదు. బీనా కొత్తపిల్లలకు ఇదంతా చెప్పి, చివర ఇంకో మాట చెప్పేది.

"మిషన్‌ని మాత్రమే చూడొద్దు, మనిషిని చూడండి. అప్పటిదాకా బాగున్న అంకె ఉన్నట్టుండి ఎగిరితే, వెంటనే నమ్మి ఇన్సులిన్ పెంచొద్దు. చేతులు శుభ్రంగా కడిగి, రెండో చేతిలో ఇంకోసారి చూడండి. అప్పుడూ అనుమానంగా ఉంటే నరం నుంచి రక్తం తీసి ల్యాబుకు పంపండి."

మూడు రోజులకు లక్ష్మీపతి జ్వరం తగ్గుముఖం పట్టింది. చక్కెర కూడా అదుపులోకి వచ్చింది. ఆ ఉదయం సుబ్బలక్ష్మమ్మ అద్దంలో నుంచి తమ్ముడి చేతులు చూసి బీనాను పిలిచింది.

"సిస్టరమ్మా, ఆ ఏళ్ళు సూడు. జల్లెడైపోయినాయి. ఇంగా ఎన్నిసార్లు పొడస్తారు? రొంత ఇడిసి పెట్టకూడదా?"

వేళ్ళ కొసలు నిజంగానే కమిలిపోయి నల్లబడ్డాయి. బీనా అంకెలు చూసింది. రాత్రి నుంచి అన్నీ నిలకడగా ఉన్నాయి. రెండు గంటలకోసారి చూస్తే తప్పులేదు. నిబంధన కూడా అదే చెబుతుంది.

"సరేమ్మా. ఇకమీదట అంత తరచుగా పొడవంలే" అంది.

సుబ్బలక్ష్మమ్మ కళ్ళు తడి చేసుకుంది. "ఒక్కసారి లోపలికి పోయి వాణ్ణి ముట్టుకోనిస్తావా తల్లీ? ఈడికి వచ్చినప్పట్నుంచి అద్దంలో సూసేదే అయిపోయె."

అదీ కాదనలేకపోయింది బీనా. గౌను తొడిగించి లోపలికి పంపింది. తను పక్క మంచం పేషెంటుకు మందు ఎక్కిస్తూ ఒకటి రెండుసార్లు తలతిప్పి చూసింది. ఆ పెద్దావిడ తమ్ముడి చేతిని రెండు చేతుల్లో పట్టుకుని, చెవి దగ్గర ఏదో చెబుతూ ఉంది. చూడముచ్చటగా అనిపించింది. కాసేపటికి ఆమె కొంగుతో తమ్ముడి చెయ్యి తుడిచి బయటికి పోయింది.

మధ్యాహ్నం బీనా వేలిని స్పిరిట్ దూదితో తుడిచి, సూది గుచ్చి, చుక్క తీసింది. మిషన్‌లో నాలుగు వందలు దాటిన అంకె కనిపించింది.

పొద్దున నూటయాభై, నూటఅరవై మధ్య ఉన్న మనిషి. తిండి లేదు, కొత్త మందు లేదు. ఇంత ఎందుకు ఎగురుతుంది అన్న అనుమానం ఒక్క క్షణం ఆమె మనసులో మెదిలింది. కొత్తపిల్ల ఎవరైనా ఆ అంకె తెచ్చి చూపిస్తే, "రెండో చెయ్యి చూశావా?" అని మొదట అడిగేది తనే. కానీ ఆ అనుమానం వెనకే ఇంకో ఆలోచన దూసుకొచ్చింది. గంటకోసారి చూడాల్సినదాన్ని నేనే రెండు గంటలు చేశాను, ఆవిడ కన్నీళ్ళు చూసి మెత్తబడ్డాను, ఆ సందులోనే ఇది పెరిగిపోయింది అనుకుంది. తప్పు తనదే అనుకున్న మనిషికి దాన్ని సరిచెయ్యాలన్న తొందర తప్ప ఇంకేమీ కనిపించదు. బీనాకూ అంతే అయింది. డాక్టర్ జ్ఞానశేఖర్‌కు ఫోన్ చేసి అంకె చెప్పింది.

"చార్ట్ ప్రకారం పెంచండి సిస్టర్. ఒక డోసు నేరుగా కూడా ఇవ్వండి" అన్నాడాయన.

ఇచ్చింది. పంపు వేగం పెంచింది. ఇప్పుడిక అరగంటలో మళ్ళీ చూడాలి. ఇంతలో పుంగనూరు రోడ్డు మీద బైకు ప్రమాదం జరిగిందని, తలకు దెబ్బ తగిలిన మనిషిని స్ట్రెచర్ మీద తోసుకొచ్చారు. గది నిండా రక్తం, అరుపులు. బీనా అటు పరుగెడుతూ, తనతో డ్యూటీలో ఉన్న మహేష్ అనే నర్సుకు చెప్పింది.

"మహేష్, లక్ష్మీపతి షుగరు ఒకసారి చూడప్పా."

"చూస్తాను సిస్టర్" అన్నాడు మహేష్. అంతలో ఆ ప్రమాదం కేసును స్కానింగుకు తీసుకుపోవడానికి అతన్నే పిలిచారు. పోతూ పోతూ లక్ష్మీపతి మంచం వైపు చూశాడు. పెనుగులాడకుండా, మాస్కు లాక్కోకుండా ఆయన ప్రశాంతంగా పడుకుని ఉన్నాడు. పాపం, ఇన్నాళ్ళకు నిద్ర పట్టింది అనుకున్నాడు. వచ్చాక చూడొచ్చులే అనుకుని వెళ్ళిపోయాడు.

అది నిద్ర కాదు. హడావుడి కాస్త తగ్గి బీనా ఆ మంచం దగ్గరికి వచ్చేసరికి దుప్పటి చెమటతో తడిసి ఉంది. చెయ్యి చల్లగా తగిలింది. పిలిస్తే పలుకు లేదు. ఈసారి రెండో చేతి వేలు పొడిచింది. అంకె ముప్పై కూడా లేదు.

పంపు ఆపేసి, నరంలోకి గ్లూకోజ్ ఎక్కించి, డాక్టరును పిలిచేలోపలే లక్ష్మీపతికి ఫిట్స్ వచ్చాయి. అవి ఆగడానికి చాలాసేపు పట్టింది.

అంతా సద్దుమణిగాక బీనా మధ్యాహ్నం పొడిచిన చేతిని ఎత్తి చూసింది. గోటి సందులో పసుపు పచ్చని పీచు ఇరుక్కుని ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మామిడిపండు వాసన.

బయటికి వెళ్ళి, బెంచీ మీదున్న సుబ్బలక్ష్మమ్మ పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"అమ్మా, పొద్దున లోపలికి పోయినప్పుడు ఆయన చేతిలో ఏమన్నా పెట్టినారా?"

ఏం జరిగిందో ఆమెకింకా తెలియదు. ముఖం వెలిగిపోయింది. "మన మల్గోబా చెట్టు పండమ్మా. వాడు నాటిన చెట్టు. ఈ యేడే తొలికాపు. నోటికి పెట్టేదానికి లేదంటిరి గదా, చేతికన్నా తెలుస్తాదని రొంత పిసికి ఏళ్ళకు పూసినా. వాడు ఏళ్ళు కదిలించినాడమ్మా! గుర్తు పట్టినాడు."

వేలి మీద ఎండిన పండు రసం స్పిరిట్ దూదికి పూర్తిగా పోదు. మిషన్ చూపించింది లక్ష్మీపతి రక్తంలో చక్కెర కాదు, చాలావరకు మామిడిపండులో చక్కెర. లేని చక్కెరకు తను ఇన్సులిన్ ఇచ్చింది.

దాచకుండా అంతా జ్ఞానశేఖర్‌కు చెప్పింది. పండు సంగతీ చెప్పింది, రెండో చెయ్యి చూడకపోవడమూ చెప్పింది, అరగంటలో చూడాల్సింది చూడకపోవడమూ చెప్పింది. ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. "ముందు నేనూ అడగాల్సింది, ఇంకోసారి చూశారా అని" అన్నాడు.

మరునాడు నవీన్‌నూ సుబ్బలక్ష్మమ్మనూ ఆఫీసు గదికి పిలిపించారు. ఆస్పత్రి మేనేజరు, జ్ఞానశేఖర్, బీనా ఉన్నారు. మాట్లాడింది మేనేజరు.

"మీ నాన్నగారికి షుగరు ఒక్కసారిగా పడిపోయింది. మెదడుకు కొంచెం దెబ్బ తగిలి ఉండొచ్చు. కారణం ఏమంటే, మీ పెద్దావిడ మాకు చెప్పకుండా పేషెంటు చేతికి మామిడిపండు పూసింది. అందువల్ల టెస్టు తప్పు చూపించింది. ఐసీయూలోకి తినే వస్తువులు తేకూడదని బోర్డు కూడా ఉంది."

చెప్పిన ప్రతి మాటా నిజమే. చెప్పకుండా వదిలేసిన సగం కూడా నిజమే. ఆ సగం ఆయన చెబుతాడని బీనా ఎదురుచూసింది. జ్ఞానశేఖర్ చెబుతాడని ఆయన వైపు చూసింది. ఆయన తలదించుకుని ఉన్నాడు. తను నోరు తెరిస్తే ఉద్యోగం ఏమవుతుందోనని బీనా భయపడింది.

సుబ్బలక్ష్మమ్మ అందరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "నేను పూసిన పండుకా? నా చేత్తోనా?" అంది. చివరికి ఆమె కళ్ళు బీనా మీద ఆగాయి. కాదని చెబుతుందేమో అన్నట్టు చూసింది.

బీనా ముఖం పక్కకు తిప్పుకుంది.

నవీన్ లేచి, మేనత్త వైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

లక్ష్మీపతి బతికాడు. నిమ్ము తగ్గింది, మాస్కు తీసేశారు, లేచి కూర్చున్నాడు. కానీ ఆ కూర్చున్నది పాత లక్ష్మీపతి కాదు. నోట్లో ముద్ద పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. మనుషుల్ని చూసి నవ్వేవాడు కానీ పేర్లు తెలియవు. ఇది చక్కెర పడిపోవడం వల్లనా, అంతకు ముందు ఊపిరి అందకపోవడం వల్లనా అంటే కచ్చితంగా చెప్పలేమన్నాడు జ్ఞానశేఖర్. ఆ మాట బీనాకు ఊరట ఇవ్వలేదు.

వార్డులో అప్పటినుంచి పద్ధతి మారింది. వేలు పొడిచేముందు సబ్బునీళ్ళతో కడిగి తుడవాలి. అంకె ఎగిరితే రెండో చేతిలో చూడకుండా పంపు ముట్టుకోకూడదు. చూడాల్సిన నర్సు వేరే పనిమీద పోతే, ఆ మాట ఇంకొకరికి అప్పజెప్పి పోవాలి. ఈ పద్ధతి బీనానే పట్టుబట్టి పెట్టించింది. కొత్తపిల్లలు చక్కగా పాటించేవాళ్ళు. ఎందుకు వచ్చిందో వాళ్ళకు తెలియదు.

నెల తర్వాత నవీన్ తండ్రిని చూపించడానికి తీసుకొచ్చాడు. బీనా ఎదురుపోయింది.

"అమ్మ రాలేదా నవీన్?"

"ఎవరు, మా అత్తా? ఆమె పేరెత్తొద్దు సిస్టర్. కుప్పంలో ఉండాది, వాళ్ళ చెల్లెలి కూతురింట్లో. నేనే పొమ్మన్నా. బట్టలు మూటగట్టి బయట పెట్టినా. ఆమెను చూస్తే నాకు నాయన ముందెట్లుండేవాడో గుర్తొస్తాండాది."

చుట్టూ జనం. బీనా అప్పుడూ ఏమీ చెప్పలేకపోయింది. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. తల్లి విమలమ్మ నిలదీసి అడిగితే అంతా చెప్పి ఏడ్చింది. విమలమ్మ వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"రోజూ మోకాళ్ళ మీద కూర్చోని దేవునికి చెప్పుకుంటాండావు, నేను చూస్తానే ఉండా. దేవునికి తెలీక కాదు కదమ్మా. తెలియాల్సినోళ్ళకు చెప్పు" అంది.

సెలవు రోజున బీనా పుంగనూరు బస్సెక్కింది. ఆ పల్లెలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. లక్ష్మీపతి వసారాలో కుర్చీలో కూర్చుని కోళ్ళను చూస్తున్నాడు. బీనాను చూసి నవ్వాడు. నవీన్ భార్య భారతి మంచినీళ్ళు ఇచ్చింది. నవీన్ తోట నుంచి వచ్చాడు.

బీనా నిలబడే చెప్పింది. అంకె చూసి అనుమానం వచ్చినా రెండో చెయ్యి చూడలేదని, ఇన్సులిన్ పెంచాక చూడాల్సిన సమయానికి చూడలేదని, ఈ రెండింటిలో ఏ ఒక్కటి సరిగా చేసినా పండు పూసినందుకు ఏమీ అయ్యేది కాదని. "ఆమెను లోపలికి పంపింది కూడా నేనే నవీన్. చేతులు చూడకుండా పొడిచింది నేనే" అంది.

నవీన్ తిడతాడనుకుంది. అతను మెట్టు మీద కూలబడ్డాడు.

"ఆ పొద్దు ఆ రూములో నువ్వూ ఉండావు గదా సిస్టర్. అప్పుడే యాల చెప్పలేదు?"

"భయపడినాను" అంది.

"నువ్వు భయపడినావు. నేను ఎనకా ముందూ చూడకుండా నన్ను సాకిన మనిషిని గడప దాటించినా." ముఖం మీద చేతులు పెట్టుకున్నాడు. కాసేపటికి లేచి చొక్కా మార్చుకున్నాడు. "రా సిస్టర్. కుప్పం పోదాం. నాకు చెప్పింది ఆమెకూ చెప్పు."

పలమనేరులో బస్సు మారి కుప్పం చేరారు. చెల్లెలి కూతురు ప్రసన్నలక్ష్మి ఇల్లు ఊరి బయట ఉంది. వాళ్ళు పట్టుపురుగులు పెంచుతారు. సుబ్బలక్ష్మమ్మ షెడ్డులో కూర్చుని మల్బరీ ఆకు తరుగుతూ ఉంది. బాగా చిక్కిపోయింది. నవీన్‌ను చూసి కత్తి పక్కన పెట్టి లేచింది.

"మీ నాయన అన్నం తింటాండాడా?" మొదట అడిగింది అదే.

"తింటాండాడు అత్తా" అన్నాడు నవీన్. బీనా వైపు చూశాడు.

బీనా ఆమె ముందు నేల మీద కూర్చుని మళ్ళీ మొదటినుంచి చెప్పింది. వేలు, మిషన్, పంపు, అన్నీ ఆమెకు అర్థమయ్యేలా చెప్పింది. సుబ్బలక్ష్మమ్మ మధ్యలో అడ్డు రాకుండా విన్నది. తర్వాత బీనా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మంచిదానివి తల్లీ. నా బాధ సూడలేక నీ మీద ఏసుకుంటాండావు."

"లేదమ్మా. ఇది నిజం. ఓదార్చడానికి చెప్తున్న మాట కాదు."

"పండు పూసింది నేను కాదా?"

"మీరే. కానీ..."

"మరింగేం ఉండాది?" అంది సుబ్బలక్ష్మమ్మ. గొంతులో కోపం లేదు. "ఆ పొద్దు ఆ రూములో నేను నీ మొకమే సూసినా. ఇంగెవురి మొకమూ సూడలా. నువ్వు కాదంటే కాదనుకుందామని. అప్పుడు చెప్పింటే నమ్మిందునేమో తల్లీ. ఇప్పుడు అది లోపల గడ్డకట్టుకోనిపోయినాది. దినామూ లేసినప్పట్నుంచి ఈ చేతుల్నే సూసుకుంటాండా."

బీనా తల వంచుకుంది. క్షమించమని అడగాలనుకుంది. ఆ మాట కూడా ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టే అవుతుందేమో అనిపించి ఊరుకుంది.

నవీన్ మేనత్త కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "అత్తా, ఇంటికి రా. నేను అన్నదంతా తప్పే. నాయనకు నువ్వు తప్ప ఎవురుండారు?"

"వస్తాలేరా. పురుగులు గూళ్ళు కట్టనీ. దీనికి ఒక్కదానికే చేసుకునేదానికి కాదు" అంది, ప్రసన్నలక్ష్మి వైపు చూపిస్తూ. రాననలేదు. వెంటనే బయల్దేరనూ లేదు.

గూళ్ళు కట్టడం అయ్యాక ఆమె పుంగనూరు దగ్గరి పల్లెకు తిరిగి వచ్చింది. ఆ తర్వాత మందుల కోసం మదనపల్లెకు వచ్చినప్పుడు నవీన్ బీనాతో చెప్పాడు.

"వచ్చినాది సిస్టర్. నాయన్ను ఆమే చూసుకుంటాండాది. కానీ ముందు మాదిరి కాదు. అన్నం చేత్తో కలిపి పెట్టదు. గరిటెతో కలిపి చెంచాతో తినిపిస్తాది. ఆయన్ని ముట్టుకునేముందు సబ్బుతో చేతులు రుద్దుకుంటానే ఉంటాది. తోలు లేసిపోయినా ఇనదు. నేను చెప్పి చెప్పి అలిసిపోయినా."

బీనా చేతిలోని మందుల చీటీ వైపు చూస్తూ నిలబడింది. "నేను ఒకసారి రావచ్చా అప్పా?" అంది.

"రా సిస్టర్. వచ్చి ఆ మాట మళ్ళీ చెప్పు. ఎన్నిసార్లు చెప్తే అన్నిసార్లు ఇంటాది. ఎప్పుడో ఒకనాడు నమ్మదా?"

సెలవు దొరికినప్పుడల్లా బీనా పుంగనూరు బస్సెక్కుతుంది. లక్ష్మీపతి షుగరు చూస్తుంది, మందులు సరిగా వేస్తున్నారో లేదో అడుగుతుంది. తర్వాత వసారాలో సుబ్బలక్ష్మమ్మ పక్కన కూర్చుని, "అమ్మా, ఆ పొద్దు తప్పు నాది" అంటుంది. సుబ్బలక్ష్మమ్మ వింటుంది, తల ఊపుతుంది. "సరేలే తల్లీ, ఎండలో వచ్చినావు, కాఫీ తాగు" అంటుంది. లోపలికి పోయి కాఫీ కలిపేముందు ఆమె చేతులు కడుక్కుంటున్న చప్పుడు వసారాలోకి వినిపిస్తుంది. ఆ చప్పుడు చాలాసేపటికి గానీ ఆగదు.